పుట్టుకకే కేసు: తెలుగునాట నేరస్థ జాతుల చట్టం, సెటిల్‌మెంట్ల చరిత్ర

నేరాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని తేల్చడానికి ప్రభుత్వాలు ముఖ్యంగా ఆధారపడేది పోలీసులు నమోదు చేసిన కేసుల మీద, కోర్టులు విధించిన శిక్షల మీద. ఈ లెక్కలు సమాజంలో జరిగిన నేరాన్ని ఎంత చూపుతాయో, పోలీసుల చూపు ఎవరి మీద నిలిచి ఉందో కూడా అంతే చూపుతాయన్న సంగతి నేరశాస్త్రంలో ఈనాడు ప్రాథమిక పాఠమే అయినా, చట్టాలు చేసే చోట అది తరచుగా మరుగున పడుతుంది. ఆ మరుపు ఎంత దూరం పోగలదో చూడాలంటే తెలుగువారు పరదేశాల చరిత్ర తిరగేయనక్కరలేదు. 1911 నుంచి 1947 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైన నేరస్థ జాతుల చట్టమూ, దాని కింద బాపట్ల, కావలి, సీతానగరం ప్రాంతాల్లో వెలసిన సెటిల్‌మెంట్లూ అందుకు చాలినంత సాక్ష్యం ఇస్తాయి. ఒక జాతి పుట్టుకతోనే దొంగల జాతి అన్న నమ్మకంతో చేసిన చట్టం, ఆ నమ్మకాన్ని రుజువు చేసే అంకెలను తానే తయారుచేసుకుంటూ ముప్ఫై ఆరేళ్ళు నడిచింది.

ఈ చట్టానికి మూలాలు తెలుగు ప్రాంతంలో లేవు. 1830లలో మధ్య, ఉత్తర భారతాల్లో విలియం స్లీమన్ నాయకత్వాన థగ్గుల అణచివేత సాగింది. బాటసారులతో చెలిమి నటించి, గొంతు బిగించి చంపి, దోచుకునే ముఠాలను కంపెనీ ప్రభుత్వం థగ్గులని పిలిచింది. ఫలానా హత్య ఫలానా మనిషే చేశాడని సాక్ష్యంతో నిరూపించడం ఈ కేసుల్లో కష్టమైంది. అందుచేత 1836 నాటి 30వ చట్టం ఆ అవసరాన్నే తప్పించి, థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు యావజ్జీవ ఖైదు వేయవచ్చునన్నది. ముఠా సభ్యత్వానికి రుజువు కూడా ఎక్కువగా అప్రూవర్ల నోటి మాటే, అంటే క్షమాభిక్ష కోసం తోటివారి పేర్లు చెప్పిన ఖైదీల వాంగ్మూలమే. మనిషి చేసిన పనిని వదిలి, అతడు ఎవరికి చెందినవాడో చూసి శిక్షించే పద్ధతి ఆంగ్లేయుల న్యాయవ్యవస్థలోకి ఇలా ప్రత్యేక పరిస్థితి పేరుతో ప్రవేశించి, తర్వాత మామూలు పరిస్థితుల్లోనూ అక్కడే ఉండిపోయింది.

1871 అక్టోబరులో చేసిన 27వ చట్టం ఈ పద్ధతిని ముఠాల నుంచి జాతులకు విస్తరించింది. ఒక తెగ గానీ, ముఠా గానీ, వర్గం గానీ బెయిలుకు వీలులేని నేరాలు చేయడాన్నే అలవాటుగా పెట్టుకున్నదని స్థానిక ప్రభుత్వం నమ్మితే, గవర్నర్ జనరల్ అనుమతితో దానిని నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. ప్రకటన వెలువడితే ఆ జాతివారి పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. వారు ఊరు దాటాలంటే పాసు కావాలి. ప్రకటన తప్పని కోర్టుకు పోయే దారి ఉండదు. హిజ్రాలను రిజిస్టరు చేసి నిఘాలో ఉంచే నిబంధనలు కూడా ఇదే చట్టంలో రెండో భాగంగా చేరాయి. చట్టసభ దృష్టిలో నేరమంటే ఏమిటో, తనకు అర్థంకాని జీవనవిధానమంటే ఏమిటో వేరుచేసి చూసే ఓపిక ఎంత తక్కువో ఆ ఒక్క చేర్పు చెబుతుంది. చట్టం మొదట పంజాబు, వాయవ్య రాష్ట్రాలు, అవధ్ ప్రాంతాలకు, 1876లో బెంగాలుకు వర్తించింది. మద్రాసు ప్రెసిడెన్సీకి మాత్రం 1911 దాకా రాలేదు.

ఈ నలభై ఏళ్ళ ఆలస్యం గమనించదగ్గది. తెలుగు, తమిళ జిల్లాల్లో తిరుగాడే జాతులు 1871 నాటికి ఉన్నాయి, దొంగతనాలూ ఉన్నాయి, అయినా ఆ జాతులు లోపలి ఊళ్ళకు సరుకు చేరవేసే పనికివచ్చే వర్తకులన్న అభిప్రాయం అప్పటి జిల్లా అధికారుల్లో బలంగా ఉండేది. ఎరుకల వారి సంగతి చూస్తే ఇది స్పష్టమవుతుంది. తమిళ జిల్లాల్లో కొరవలు, కన్నడ సీమలో కొరచలు, మరాఠీ ప్రాంతంలో కైకాడీలు అని పిలిచే జనులకు వీరు దగ్గరివారు. వారిలోని శాఖల పేర్లు వారి వృత్తుల పట్టికలాగే ఉంటాయి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లే దబ్బ ఎరుకల, నేతగాళ్ళకు కుంచెలు కట్టే కుంచె ఎరుకల, ముగ్గు వేసి జోస్యం చెప్పే పరికముగ్గుల ఎరుకల. ఆడవారు ఎరుక చెప్పడానికి గడప గడపకూ తిరిగేవారు. గాడిదల మీదా, పెరికె ఎద్దుల మీదా కోస్తా నుంచి ఉప్పు ఎత్తుకుని రాయలసీమ, దక్కను ఊళ్ళకు పోయి, అక్కడి నుంచి ధాన్యం తదితర సరుకులు తెచ్చే పని ఉప్పు ఎరుకలది. లంబాడీలు, అంటే సుగాలీలు, ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున, వందల ఎద్దుల బిడారులతో చేసేవారు. దక్కనులో యుద్ధాలు జరిగిన రోజుల్లో సైన్యాలకు గింజలు అందించినదీ వారే.

పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఈ వర్తకం కింద నేల కదిలిపోయింది. ఉప్పు తయారీ, అమ్మకం 1805 నుంచే మద్రాసు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్నా, లోపలి ఊళ్ళకు చేరవేత మాత్రం చాలాకాలం బిడారుల చేతిలోనే సాగింది. 1856లో రాయపురం నుంచి మొదలైన రైలు దారులు జిల్లాలను కలుపుకుంటూ పోయేకొద్దీ ఉప్పూ ధాన్యమూ రైలెక్కి, పెద్ద వర్తకుల చేతికి పోయాయి. 1876–78 నాటి మహా కరువు కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలను అన్నిటికంటే దారుణంగా దెబ్బతీసింది. ఆ కరువులో మనుషులతోపాటు పశువులు కూడా పోయాయి, పశువు పోతే బిడారు లేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మేత బీళ్ళనూ, వెదురునూ, అడవి సరుకునూ అనుమతి చీటీల కిందికి తెచ్చింది. ఊరి కావలి కాసి కావలి మేర తీసుకునే ఏర్పాట్లు కూడా 1859 నాటి పోలీసు చట్టంతో కొత్త పోలీసు దళం వచ్చాక క్రమంగా చెల్లకుండా పోయాయి. ఈ దెబ్బలన్నీ ఒకే తరం మీద పడ్డాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఎరుకల, కొరవల చరిత్రపై 2001లో వెలువరించిన గ్రంథంలో వివరంగా చూపారు. వృత్తి పోయిన జనుల్లో కొందరు దొంగతనాలకు దిగి ఉండవచ్చు. అది కాదనడం చరిత్రను తీపి చేయడమే అవుతుంది. అయితే అధికారులు ఆ మార్పును వృత్తి కోల్పోయిన ఫలితంగా కాక, నెత్తుటిలో ఉన్న గుణం బయటపడినట్టుగా చదివారు.

అలా చదవడానికి కావలసిన పుస్తకాలు అప్పటికే తయారవుతున్నాయి. మద్రాసు పోలీసు అధికారి ఎఫ్. ఎస్. ముల్లాలీ 1892లో ప్రెసిడెన్సీలోని నేర వర్గాలపై ఒక గ్రంథం ప్రకటించాడు. రైల్వే పోలీసుల్లో పనిచేసిన ఎం. పాపారావు నాయుడు రైలు దొంగల చరిత్ర రాసి, 1905లో ప్రత్యేకంగా కొరవ, ఎరుకల, కైకాడీల మీదనే ఇంకో పుస్తకం వెలువరించాడు. ఈ పుస్తకాలు పోలీసు అధికారుల కోసం రాసినవి. కులం పేరు, ఆనవాళ్ళు, మారువేషాలు, రహస్య భాష, దొంగతనం చేసే తీరు వరసగా చెప్పుకుపోవడం వీటి పద్ధతి. పట్టుబడిన కొద్దిమంది ఖైదీల మాటల నుంచి, పోలీసుల అనుభవాల నుంచి కూర్చిన ఈ వర్ణన పుస్తకంలోకి ఎక్కేసరికి మొత్తం జాతి లక్షణమైపోయింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఈ పోలీసు సమాచారం పరిశోధన హోదాలో మళ్ళీ కనిపిస్తుంది. తలల కొలతలు తీయడంలో ఆసక్తిగల థర్స్టన్ పోలీసు అధికారులకు మానవశాస్త్రంపై ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. పోలీసు మాటను పండితుడు ఉదహరించడం, పండితుడి మాటను చట్టం ఉదహరించడం ఆ కాలపు రివాజు; మొదటి మాట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవారు తక్కువ. వేలిముద్రల శాస్త్రం కూడా ఈ కాలంలోనే భారతదేశంలో కుదురుకుంది: 1897లో కలకత్తాలో ఏర్పడిన వేలిముద్రల కార్యాలయంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషితో వర్గీకరణ పద్ధతి సిద్ధమై, తర్వాత ప్రపంచమంతా పాకింది. ఒక మనిషిని ఇంకొకడి నుంచి నిస్సందేహంగా వేరుచేయగల ఆ పరికరాన్ని, జాతి మొత్తాన్ని ఒకే మూసలో చూసే చట్టానికి పనిముట్టుగా వాడుకోవడంలోని వైరుధ్యం ఆనాటి అధికారులకు తోచినట్టు లేదు.

1911 నాటి మూడో చట్టం బ్రిటిషు ఇండియా మొత్తానికీ వర్తించేలా వచ్చి, మద్రాసు ప్రభుత్వానికి ఆ అధికారం ఇచ్చింది. ఒక జాతిని ప్రకటించడానికి గవర్నర్ జనరల్ అనుమతి ఇక అక్కరలేదు. ప్రాంతీయ ప్రభుత్వం నమ్మితే చాలు. 1924 నాటి ఆరో చట్టం సవరణలన్నిటినీ ఒకచోట చేర్చింది. వీటి కింద రిజిస్టరైన ప్రతి మనిషి వేలిముద్రలు ఇవ్వాలి. ప్రభుత్వం ఆదేశిస్తే నియమిత వేళల్లో పోలీసు స్టేషనులోనో గ్రామ మునసబు దగ్గరో హాజరు వేయించుకోవాలి, నివాసం మారితే చెప్పాలి, ఊరు దాటితే చెప్పాలి. ఈ హాజరు కొన్నిచోట్ల రాత్రి నడిజాముల్లోనూ ఉండేది. ఈ నిబంధనలు తప్పడమే విడిగా నేరం. దొంగతనం, దోపిడీ వంటి కొన్ని నేరాల్లో ఇంతకు ముందు శిక్షపడిన నేరస్థ జాతి సభ్యుడికి రెండోసారి శిక్షపడితే ఏడేళ్ళకు తగ్గని ఖైదు, మూడోసారి ద్వీపాంతరవాసం. అదే పని ఇతరులు చేస్తే అంత శిక్ష లేదు. దొంగతనం చేయబోతున్నాడని కోర్టుకు తోచే పరిస్థితిలో కనిపిస్తే చాలు, రిజిస్టరైనవాడికి మూడేళ్ళ వరకు జైలు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి దఖలైంది.

నేరాల తీరుతెన్నులు చదివేవారు ఈ చట్టం దగ్గర కొంత ఆగవలసి ఉంటుంది. హాజరు తప్పినందుకు పడిన జైలుశిక్ష ఆ జాతికి చెందినవారి శిక్షల చరిత్రలో చేరుతుంది. పక్క ఊరి సంతకు పాసు లేకుండా పోయిన ఉప్పు వర్తకుడు పరారీ లెక్కలో పడతాడు. ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట సోదా చేసేది రిజిస్టరైనవారి గుడిసెలే కనుక, పోయిన సొత్తు దొరికినా దొరకకపోయినా అరెస్టులు అక్కడే ఎక్కువ. వార్షిక పోలీసు నివేదికల్లో ఈ అంకెలన్నీ నేరస్థ జాతుల శీర్షిక కింద చేరి, చట్టం అవసరాన్ని మళ్ళీ నిరూపించేవి. శిక్షలు తగ్గితే అది చట్టం సాధించిన విజయం, పెరిగితే చట్టాన్ని ఇంకా బిగించడానికి కారణం. ఏ ఫలితం వస్తే చట్టం తప్పని తేలుతుందో చెప్పగల నివేదిక లేదు. పరిశోధన దృష్టితో చూస్తే ఇంతకంటే పెద్ద లోపం ఉండదు, ఎందుకంటే పోల్చి చూడడానికి రిజిస్టరు కాని, నిఘాలో లేని సాటి జనాభా సంగతి ఎవరూ కొలవలేదు. ఊరి పెద్దలకు ఈ ఏర్పాటు ఇంకో విధంగా అనువైంది: హాజరు వేసే మునసబుతో, పాసు ఇచ్చే అధికారితో పేచీ పడిన ఎరుకలవాడికి ఊరు విడిచే దారి కూడా లేదు కాబట్టి, అతడి కూలీ ఎంతో తేల్చేవారు అతడి స్వేచ్ఛ ఎంతో కూడా తేల్చగలిగేవారు.

సెటిల్‌మెంట్లు ఈ చట్టంలోని 16వ సెక్షను పుట్టించినవి. సెటిల్‌మెంటు అంటే ప్రకటిత జాతివారిని కుటుంబాలతో సహా తెచ్చి, హద్దుల్లో ఉంచి, పని చేయించే కాలనీ. దీన్ని నడపడానికి ప్రభుత్వం క్రైస్తవ మిషన్లను పిలిచింది. సాల్వేషన్ ఆర్మీని భారతదేశంలో 1882లో నెలకొల్పిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ అంతకు ముందు పంజాబులో ఐసీఎస్ అధికారి; 1908లో గోరఖ్‌పూరులో నేరస్థ జాతుల కాలనీ ఒకటి తెరిచి, నేరస్థుల సంస్కరణకు ఒక శాస్త్రమే ఉన్నట్టు పుస్తకం రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ సంస్థకు అప్పగించిన కాలనీల్లో ప్రసిద్ధికెక్కినది బాపట్ల తాలూకాలో 1913–14 ప్రాంతంలో వెలసిన స్టువర్టుపురం. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు, అంతకు ముందు పోలీసు ఉన్నతాధికారి అయిన సర్ హెరాల్డ్ స్టువర్టు పేరే ఆ ఊరికి పెట్టారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇదే సంస్థ కింద రాళ్ళ క్వారీ పనితో ఇంకో సెటిల్‌మెంటు నడిచింది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన శామ్యూల్ బాడెన్ నడిపిన సెటిల్‌మెంటు, దానికి అనుబంధంగా బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్ప ఈ కోవలోవే. నెల్లూరు, గుంటూరు జిల్లాల్లో ఈ ఊళ్ళ పేర్లు ఇప్పటికీ దొంగతనం మాట వచ్చినప్పుడే వినిపించడం చట్టం మిగిల్చిన ఆస్తుల్లో ఒకటి.

మిషనరీల ఉద్దేశాన్ని శంకించనవసరం లేదు. బడులు పెట్టారు, వైద్యం అందించారు, కొన్ని కుటుంబాలకు సాగుభూమి ఇప్పించారు. కాని ఆ ఉద్దేశం నడిచిన పట్టాలు వేరు. చిత్తడి నేలల సాగు అందరికీ కూడు పెట్టలేదు. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పొగాకు ఫ్యాక్టరీ వచ్చాక స్టువర్టుపురంవారికి, ముఖ్యంగా ఆడవారికి, అక్కడ కూలి దొరికింది. అనుమతి లేకుండా సెటిల్‌మెంటు విడిచి పోవడం శిక్షార్హమైన నేరం కాబట్టి, కూలి చాలదనిపిస్తే మానేసి వేరే ఊరికి పోయే స్వేచ్ఛ, ఇతర కూలీలకు కనీసం పేరుకైనా ఉన్నది, వీరికి అసలే లేదు. ఫ్యాక్టరీకి నిలకడైన శ్రమ, మిషన్‌కు సంస్కరణ పేరు, ప్రభుత్వానికి తక్కువ ఖర్చుతో నిఘా ఒకే ఏర్పాటులో సమకూరాయి. 1919–20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన దేశమంతా తిరిగిన భారత జైళ్ళ కమిటీ కూడా సెటిల్‌మెంట్లను పరిశీలించి, నమ్మకంగా పని దొరికే చోట్లే అవి నిలబడతాయని అభిప్రాయపడింది. నేరానికి పేదరికం కారణమని ఆ మాటలోనే ఒప్పుకోలు ఉంది. అయినా, పని ఇస్తే చాలు కదా, నిర్బంధం ఎందుకన్న తర్వాతి ప్రశ్నను కమిటీ వేయలేదు. గడప గడపకూ తిరిగి ఎరుక చెప్పే స్త్రీల స్వతంత్ర సంపాదన, సంచారం, పెళ్ళి ఆచారాలు కూడా మిషన్ దృష్టిలో సంస్కరించవలసిన చెడు అలవాట్లే అయ్యాయి.

ఎదురుతిరిగినవారూ ఉన్నారు. మదురై జిల్లాలో పిరమలై కళ్ళరులు వేలిముద్రలివ్వడానికి నిరాకరించగా, 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరులో పోలీసులు కాల్పులు జరిపి పదిమందికి పైగా ప్రాణాలు తీశారు. తెలుగు జిల్లాల్లో పోరాటం ఎక్కువగా సంఘాల, చట్టసభల దారిలో సాగింది. యానాదుల, ఎరుకల సమస్యలపై జీవితకాలం పనిచేసిన నెల్లూరు నాయకుడు వెన్నెలకంటి రాఘవయ్య ఈ చట్టం రద్దు కోసం పట్టుపట్టినవారిలో ముఖ్యుడు. 1936 అక్టోబరులో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టపు నిబంధనలు పౌర స్వేచ్ఛకే విరుద్ధమనీ, ఏ జాతినీ నేరస్థ జాతిగా ముద్రవేయరాదనీ ఖండించారు. మద్రాసు శాసనసభ 1947లో, స్వాతంత్ర్యానికి కొన్ని వారాల ముందు, చట్టాన్ని రద్దుచేసింది.

మిగతా దేశంలో రద్దు ఇంకా ఆలస్యమైంది. చిత్తూరు సీమకు చెందిన పార్లమెంటేరియన్ మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949లో కేంద్రం నియమించిన విచారణ కమిటీ చట్టం రద్దు కావాలనీ, దాని స్థానంలో కులం, మతం, పుట్టుకలతో సంబంధం లేకుండా అలవాటు నేరస్థులకు వర్తించే చట్టం తేవాలనీ సూచించింది. అలవాటు నేరస్థుడంటే వరుసగా పలుమార్లు కోర్టులో శిక్షపడినవాడు. 1952 ఆగస్టు 31న కేంద్ర రద్దు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజును విముక్త జాతులు, అంటే ఆ పట్టికల నుంచి తొలగించిన జాతులు, ఇప్పటికీ తమ విడుదల దినంగా జరుపుకుంటాయి. కమిటీ సూచన సిద్ధాంతరీత్యా సరైనదే: శిక్షకు ఆధారం పుట్టుక కాక, వ్యక్తి చేసిన పని కావాలి. ఆచరణలో చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పాత చట్టం కిందే ఎక్కువ శిక్షలు పడినవారు కొత్త నిర్వచనంలోకి ముందుగా ఒదిగిపోయారు. మద్రాసులో 1948 లోనే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటి చట్టం చేశారు. రిజిస్టరు, నివాసం తెలియజేయడం, కదలికల నియంత్రణ, దిద్దుబాటు కేంద్రాలు అన్నీ అందులో కొత్త పేర్లతో తిరిగి ఉన్నాయి. పోలీసు స్టేషన్లలో కేడీ రిజిస్టర్లు, హిస్టరీ షీట్లు, రౌడీ షీట్లు కొనసాగాయి; వీటిలో రౌడీ షీటుకు ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు.

స్వాతంత్ర్యం తర్వాత ఎరుకలు, యానాదులు, లంబాడీలు షెడ్యూల్డు తెగలుగా గుర్తింపు పొందారు. చదువు, ఉద్యోగాల్లో కొత్త తరాలు ముందుకు వచ్చాయి. స్టువర్టుపురంలో దొంగతనమే వృత్తిగా బతికిన కొందరు లేకపోలేదు. వారి మధ్య 1970లలో సంస్కరణ కృషికి దిగిన లవణం, హేమలత దంపతులు (ఆయన గోరా కుమారుడు, ఆమె గుర్రం జాషువా కుమార్తె) పోలీసులతోనూ గ్రామస్థులతోనూ విడివిడిగా మాట్లాడి, దొంగతనం మానినవారిపై పాత కేసుల భారం తొలగించడం, భూమి, చదువు ఏర్పాటు చేయడం ముఖ్యమని గ్రహించారు. సినిమా మాత్రం వేరే దారి పట్టింది: 1991లో ఆ ఊరి పేరుతోనే చిత్రాలు వచ్చాయి, 2023లో ఆ ఊరి దొంగ పేరుతో ఇంకొకటి వచ్చింది. ఊరిపేరు చెప్పగానే ప్రేక్షకుడికి కథ సగం తెలిసిపోతుందన్న ధీమా వాటి వెనుక ఉంది. ఆ ధీమాకు పునాది 1892 నాటి పోలీసు పుస్తకాల్లో ఉందని చూసేవారికి తెలియకపోవచ్చు.

నేర గణాంకాల వాడకంలో ఇప్పటికీ ఉన్న బలహీనత ఈ చరిత్రతో ముడిపడి ఉంది. 1953 నుంచి ఏటా వెలువడుతూ, 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో చేతికి వచ్చిన భారత నేరాల నివేదిక పోలీసులు నమోదు చేసిన కేసులనే లెక్కిస్తుంది. ఒక ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలుంటే అన్నిటికంటే తీవ్రమైనదాన్నే తీసుకుంటుంది. ఫిర్యాదు తీసుకోని స్టేషనులో నేరం తగ్గినట్టు, నిఘా పెంచిన పేటలో నేరం పెరిగినట్టు ఆ అంకెలు చూపగలవు. పట్టణాల్లో ఏ ప్రాంతాలపై గస్తీ పెంచాలో, ఎవరిపై నిఘా షీటు తెరవాలో పాత కేసుల లెక్కలతో నిర్ణయించే చోట, ఆ పాత కేసులు ఎలా పుట్టాయో విచారించకపోతే 1911 నాటి పొరపాటు కంప్యూటరు మీద తిరిగి రావడానికి అడ్డంకి ఉండదు. ప్రజల ఇళ్ళకే పోయి, పోలీసులకు చెప్పిన నేరాలనూ చెప్పనివాటినీ అడిగి తెలుసుకునే సర్వేలు కొన్ని దేశాల్లో ఏటా జరుగుతాయి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి అధ్యయనం క్రమంగా సాగడం అవసరం.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషనుపై తీర్పు చెబుతూ, జైళ్ళలో కులం ప్రకారం పని పంచే నిబంధనలనూ, అలవాటు నేరస్థులను విముక్త జాతుల అలవాట్లతో ముడిపెట్టి నిర్వచించిన నిబంధనలనూ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, మూడు నెలల్లో అన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళను సవరించాలని ఆదేశించింది. అలవాటు నేరస్థుల చట్టాలు ఇక అవసరమా అన్న విషయాన్ని ప్రభుత్వాలే పరిశీలించాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 1962 చట్టానికి వారసులైన రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆ పరిశీలన చేసేటప్పుడు, ఆ చట్టం కింద ఇంతవరకు రిజిస్టరైనవారిలో ఏ జాతివారు ఎందరో, ఏ నేరానికి ఎందరో లెక్క తీసి శాసనసభల ముందు పెట్టాలి.